తెలుగింటి వంటసామగ్రి: ఎంపిక, వాడకం

ముడి సరుకుతో మొదలుపెట్టి రోజూ ఇంట్లోనే వండుకోవడానికి కావలసిన పాత్రలు, పొయ్యి, నూరే సాధనాలు, కత్తులు, గరిటెలు, కొలతలు, నిల్వ డబ్బాలు అన్నిటినీ కలిపి వంటసామగ్రి అంటారు. వాడుకలో ఇదే వంట సామాను. తెలుగు కుటుంబాల్లో ఈ సామాను ఒకప్పుడు ఎక్కువగా పెళ్ళి సారెతో వచ్చేది. గిన్నెల మీద పేర్లు కొట్టించి ఇచ్చేవారు, ఇప్పటికీ ఇస్తున్నారు. చదువుకో ఉద్యోగానికో ఊరు మారి, అద్దె ఇంట్లో కొత్తగా పొయ్యి వెలిగించేవాళ్ళు పెరిగాక సామానంతా ఒక్కసారే సెట్టుగా కొనే అలవాటు వచ్చింది. అలా కొన్నదాంట్లో చాలా భాగం అటక ఎక్కుతుంది. ఇంట్లో రోజూ ఏం వండుతారు, ఏ పొయ్యి మీద వండుతారు, ఎంతమందికి వండుతారు అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకుని, ఒక్కో పనికి ఒక్కో మందమైన పాత్ర చొప్పున సమకూర్చుకుంటే కొద్ది సామానుతోనే వంట సాఫీగా సాగుతుంది. ఎంపికకు పనికొచ్చే విషయాలన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

పనిని బట్టి పాత్ర

తెలుగు వంటలో నిత్యం జరిగే పనులు ఏడు. అన్నం, పప్పు ఉడికించడం, పులుసు, చారు, పాలు మరిగించడం, కూరలు, వేపుళ్ళు వేయించడం, పోపు పెట్టడం, ఇడ్లీ, కుడుములు ఆవిరి మీద ఉడికించడం, అట్టు, పుల్కా, జొన్నరొట్టె పెనం మీద కాల్చడం, పచ్చళ్ళు నూరడమో పిండి రుబ్బడమో. ఏ కొత్త వస్తువును చూసినా ఇది ఈ ఏడింటిలో ఏ పని చేస్తుంది, ఆ పని చేసే పాత్ర ఇంట్లో ఇప్పటికే ఉందా అని అడగాలి.

ఉడికించడానికి కుక్కరు, మరిగించడానికి 2 లీటర్ల గిన్నె ఒకటి, వేయించడానికి మూకుడు, పోపుకు చిన్న పోపు గరిటె, అట్టుకు పెనం ఉంటే ఈ ఏడింటిలో 5 పనులు దాదాపు తీరిపోతాయి. ఇడ్లీకి విడిగా పాత్ర లేకపోయినా లోతైన గిన్నెలోనో, వెయిటు తీసిన కుక్కరులోనో ఇడ్లీ రేకుల స్టాండు దించి మూతపెట్టవచ్చు. మూకుడును కోస్తాలో బాణలి అనీ, తెలంగాణలో కడాయి అనీ కూడా అంటారు. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడులో నూనె నడుమకు చేరుతుంది కాబట్టి బూరెలకూ గారెలకూ తక్కువ నూనె సరిపోతుంది. అడుగు చదునుగా ఉన్నదాంట్లో దొండకాయ, బెండకాయ వేపుళ్ళు ముక్కముక్కకూ వేడి తగిలి బాగా వేగుతాయి. ఒక్కటే కొనేవాళ్ళకు చదును అడుగుది మేలు.

ప్రాంతాన్ని బట్టి ఈ జాబితా మారుతుంది. రాయలసీమలో రాగి సంకటి గెలికే ఇంటికి అడుగు మందంగా, అంచు ఎత్తుగా ఉన్న గిన్నె, గట్టి కర్ర తెడ్డు తప్పనిసరి. పలుచటి గిన్నెలో సంకటి గెలికితే గిన్నె తిరిగిపోతుంది, అడుగంటుతుంది. తెలంగాణలో సర్వపిండిని లోతైన సర్వ గిన్నె లోపలి గోడకు ఒత్తి, నూనె చుట్టూ పోసి సన్నని సెగ మీద కాలుస్తారు. మందపాటి చదును మూకుడు ఉన్న ఇంట్లో దానికి విడిగా పాత్ర అక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులకు బోర్లించిన కుండ కావాలి. అది ఆ వృత్తిలో ఉన్నవారి పనిముట్టు, ఇంటి జాబితాలోకి రాదు.

లోహాలు, వాటి గుణాలు

పాత్రకు రెండు గుణాలు ముఖ్యం. వేడిని ఎంత సమంగా పరుస్తుంది అన్నది మొదటిది. పులుపుకు, ఉప్పుకు ఎంతవరకు నిలబడుతుంది అన్నది రెండోది. చింతపండు, నిమ్మ, టమాటా, పెరుగు, మామిడికాయ లేని తెలుగు భోజనం అరుదు కాబట్టి రెండో గుణం మన వంటింట్లో మరీ ముఖ్యం.

వేడిని మోసే శక్తిలో లోహాల మధ్య తేడా చాలా పెద్దది. ఒకే కొలమానంలో చెప్పాలంటే రాగికి సుమారు 400 ఉంటే, అల్యూమినియంకు 235, పోత ఇనుముకు 50, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 వరకు మాత్రమే ఉంటుంది. ఈ తేడాను ఇంట్లోనే కంటితో చూడవచ్చు. పలుచటి స్టీలు గిన్నెలో రెండు అంగుళాల మేర నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే, తొలి బుడగలు బర్నరు మంట తగిలే చోట వలయంలా లేస్తాయి. నడుమ నీళ్ళు కదలకుండా ఉంటాయి. ఆ గిన్నెలో ముద్దపప్పో సేమ్యా పాయసమో వేడిచేస్తే సరిగ్గా ఆ వలయం వెంటే మాడుతుంది. మందపాటి అల్యూమినియం గిన్నెలో, లేదా రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పొర ఉన్న మూడు పొరల గిన్నెలో బుడగలు అడుగంతా పరుచుకుని లేస్తాయి. పాత్ర ఎంచుకునేటప్పుడు మెరుపు కన్నా అడుగు మందాన్ని చూడమని పెద్దవాళ్ళు చెప్పడంలోని శాస్త్రం ఇదే.

స్టెయిన్‌లెస్ స్టీలు: ఇంగ్లండులోని షెఫీల్డులో 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కుతో దీని చరిత్ర మొదలైంది. మన ఇళ్ళల్లో ఇది క్రమంగా ఇత్తడిని పక్కకు నెట్టింది. పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు వీధివీధికీ తిరగడం ఆ మార్పులో భాగమే. ఇందులోని క్రోమియం ఉపరితలం మీద కంటికి కనపడని రక్షణ పొరను కడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పులుసుకూ పెరుగుకూ ఇది నిశ్చింతగా వాడదగినది. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. వాటికి తుప్పును తట్టుకునే శక్తి తక్కువ. అయస్కాంతం అతుక్కోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్ముతారు. 304 రకానికీ, మాంగనీసు కలిపిన చవక రకానికీ కూడా అయస్కాంతం అతుక్కోదు కాబట్టి ఆ పరీక్షతో వాటి తేడా తేలదు. పాత్ర మీద ముద్రించిన రకం సంఖ్యను, ఐఎస్‌ఐ గుర్తును చూడడమే దారి. స్టీలు పాత్రలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14756. చల్లటి నీళ్ళలో ఉప్పు వేసి వదిలేస్తే స్టీలు అడుగున చిన్నచిన్న గుంటలు పడతాయి. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి కలిపితే ఆ బాధ ఉండదు.

ఇనుము: వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, వేడెక్కాక నిలుపుకుంటుంది. అందుకే అట్లకూ రొట్టెలకూ వేపుళ్ళకూ దీనికి సాటి లేదు. పులుపు తగిలితే ఇనుము కరిగి పదార్థం నల్లబడుతుంది, లోహపు రుచి వస్తుంది. కాబట్టి ఇనుప మూకుడులో పులుసు కాచకూడదు, వేపుడు అయ్యాక అందులోనే ఉంచేయకూడదు.

అల్యూమినియం: తేలిక, చవక, వేడిని చక్కగా పరుస్తుంది. పులుపుతో, ఉప్పుతో చర్య జరుపుతుంది. అన్నం వండడానికి, నీళ్ళు కాచడానికి, ఇడ్లీ ఆవిరికి ఇబ్బంది లేదు. పులిహోర కలిపి నిల్వ ఉంచడానికి పనికిరాదు. విద్యుత్ ప్రక్రియతో ఉపరితలాన్ని గట్టిపరిచిన హార్డ్ అనోడైజ్డ్ పాత్రలు ఈ లోపాన్ని చాలావరకు తగ్గించాయి.

ఇత్తడి, రాగి, కంచు: రాగికి జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. ఇత్తడి, రాగి పాత్రల లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉంటేనే వంటకు వాడాలి. పూత పోయిన చోట పులుపు తగిలితే చిలుము పుడుతుంది, అది కడుపులోకి వెళ్తే వాంతులు అవుతాయి. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకూడదు. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపొందింది. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వారసత్వంగా వచ్చిన ఇత్తడి గిన్నె ఉన్న ఇంటివారు కళాయి వేసేవారు దగ్గరలో దొరుకుతారో లేదో చూసుకుని దాన్ని వాడకంలోకి తేవాలి. దొరకకపోతే దాన్ని నీళ్ళకో పూజకో ఉంచుకోవడం మంచిది.

రాయి, మట్టి: రాచ్చిప్ప మెత్తటి రాతిని తొలిచి చేసిన గిన్నె. పులుపుతో చర్య జరపదు, దించిన తర్వాత కూడా చాలాసేపు పులుసు ఉడుకుతూనే ఉంటుంది. పప్పుపులుసు రాచ్చిప్పలో కాచిన ఇళ్ళల్లో ఆ రుచిని ఇప్పటికీ తలుచుకుంటారు. చేపల పులుసుకు మట్టి దాక అంతే ప్రసిద్ధం. ఈ రెండిటినీ వాడకానికి అలవాటు చేయాలి. కొత్త మట్టిపాత్రను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తర్వాత గంజి పోసి సన్నని సెగ మీద కాచాలి. రాచ్చిప్పకు నూనె, పసుపు పట్టించి ఆరనిచ్చి, కొన్నాళ్ళు వేడి గంజి పోసి ఉంచి, ఆ తర్వాతే పొయ్యి ఎక్కించాలి. వేడి పాత్రలో చల్లటి నీళ్ళు పోస్తే రెండూ పగులుతాయి.

నాన్‌స్టిక్: రాయ్ ప్లంకెట్ 1938లో అమెరికాలో కనుగొన్న టెఫ్లాన్ పదార్థాన్ని 1950ల్లో ఫ్రాన్సులో వంటపాత్రల పూతగా వాడడం మొదలుపెట్టారు. తక్కువ నూనెతో అట్టు తేలిగ్గా లేస్తుంది. అయితే ఈ పూతకు ఆయుష్షు తక్కువ, వేడికి హద్దు ఉంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేయడం, ఇనుప అట్లకాడతో గీకడం దీనికి శత్రువులు. గీతలు పడి పూత లేచిన పెనాన్ని తీసేయాలి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పాత్రల సంగతి కూడా చెప్పాయి. మట్టిపాత్రలు సురక్షితమైనవి, చట్నీ, సాంబారు లాంటి పుల్లటి పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచకూడదు, నాన్‌స్టిక్ పాత్రలను 170 డిగ్రీలు మించి వేడెక్కనివ్వడం ప్రమాదకరం అన్నవి ఆ సూచనల సారాంశం.

పొయ్యి

కట్టెల పొయ్యి, కుంపటి, పొట్టు పొయ్యి, కిరోసిన్ స్టవ్వు దాటుకుని తెలుగు వంటిల్లు గ్యాసు దగ్గరికి చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పల్లెటూళ్ళల్లో పొగ లేని వంటకు దారి తీశాయి. ఇళ్ళల్లో వాడే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది.

గ్యాసు పొయ్యికి భారతీయ ప్రమాణం ఐఎస్ 4246. గ్యాసు నుంచి వచ్చే వేడిలో కనీసం 68 శాతం పాత్రకు అందాలని అది నిర్దేశిస్తుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి రెండు బర్నర్లు చాలు. మూడో బర్నరు ఉంటే పాలూ కాఫీ ఒకపక్క సాగిపోతాయి కానీ, పెద్ద గిన్నెలు పక్కపక్కన పట్టేంత ఎడం ఉందో లేదో దుకాణంలోనే రెండు గిన్నెలు పెట్టి చూడాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగి గిన్నెల అడుగు నల్లబడుతూ ఉంటే బర్నరు రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. చిన్న గిన్నెను పెద్ద బర్నరు మీద పెడితే మంట పక్కల నుంచి పైకి పోతుంది, గ్యాసు వృథా, పిడి కాలుతుంది. గ్యాసు గొట్టాన్ని 5 ఏళ్ళకోసారి మార్చాలి. గొట్టం మీద ముద్రించిన తేదీని చూస్తే ఎప్పటిదో తెలుస్తుంది.

ఇండక్షన్ పొయ్యి పాత్ర అడుగునే వేడెక్కిస్తుంది. అందుకు అడుగు అయస్కాంతానికి అతుక్కునే లోహంతో చేసినదై, చదునుగా ఉండాలి. ఇక్కడ అయస్కాంత పరీక్ష సరిగ్గా పనికొస్తుంది. రాగి, మామూలు అల్యూమినియం, మట్టి, రాతి పాత్రలు దీని మీద పనిచేయవు. గుండ్రటి మూకుడు కూడా అంతే. గ్యాసు, ఇండక్షన్ రెండూ ఉన్న ఇంట్లో రెండిటికీ సరిపడే పాత్రలు కొనడం పొదుపు.

ప్రెషర్ కుక్కర్

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపెన్ 1679లో లండనులో చూపించిన ఆవిరి పాత్ర దీనికి మూలం. భారతదేశంలో 1959 ప్రాంతంలో తయారీ మొదలై, కందిపప్పు ఉడికించే పద్ధతినే మార్చేసింది. మూత బిగించాక లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో మేర పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా 120 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. గంటసేపు పట్టే పప్పు నిమిషాల్లో మెత్తబడడానికి కారణం ఆ అదనపు వేడే.

ఇద్దరు ముగ్గురికి 3 లీటర్లు, నలుగురైదుగురికి 5 లీటర్లు సరిపోతాయి. 5 లీటర్ల కుక్కరులో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి అన్నం, పప్పు, కూరముక్కలు ఒకేసారి ఉడికించవచ్చు. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. నురగ కట్టే పప్పుకూ, ఉబ్బే బియ్యానికీ సగమే హద్దు. ఆ హద్దు దాటితే నురగ పొంగి ఆవిరి గొట్టంలో అడ్డం పడుతుంది. మూత పెట్టేముందు ప్రతిసారీ ఆ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. అవతల వెలుగు కనిపిస్తే దారి తెరిచి ఉన్నట్టు. ఒకవేళ దారి మూసుకుపోతే సేఫ్టీ వాల్వులోని మెత్తటి లోహం అధిక వేడికి కరిగి ఆవిరిని బయటికి వదులుతుంది. వాల్వు మార్చేటప్పుడు ఆ కంపెనీదే వేయించాలి. గ్యాస్కెట్టు గట్టిపడి పక్కల నుంచి ఆవిరి వస్తుంటే కొత్తది వేయాలి. ఒత్తిడి పూర్తిగా తగ్గకముందు మూతను బలవంతంగా తెరవకూడదు. 2021 ఫిబ్రవరి నుంచి ఇళ్ళల్లో వాడే కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రమాణం, ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయ్యాయి. గుర్తు లేని కుక్కరు ఎంత చవకైనా కొనకూడదు.

కుక్కరు స్టీలుదా, అల్యూమినియందా అన్న ప్రశ్నకు వంట పద్ధతిలోనే జవాబు ఉంది. చింతపండు వేసి ఉడికిస్తే పప్పు గింజ సరిగా మెత్తబడదు. అందుకే మన ఇళ్ళల్లో పప్పును ముందు వట్టిగా ఉడికించి, మెదిపి, ఆ తర్వాత పులుపు కలుపుతారు. అలా చేసే ఇంట్లో అల్యూమినియం కుక్కరుకు పులుపు తగలనే తగలదు. టమాటా పప్పు, సాంబారు, మాంసం కూర నేరుగా కుక్కరులోనే చేసేవారికి స్టీలుది మంచిది.

పెనం తీర్చడం

అట్లకు పోత ఇనుప పెనం, లేదా రేకుతో చేసిన ఇనుప పెనం వాడతారు. పోత పెనం బరువుగా ఉండి వేడిని నిలుపుతుంది, కిందపడితే పగులుతుంది. రేకు పెనం తేలిక, త్వరగా వేడెక్కుతుంది.

కొత్త పెనం మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. దాన్ని వేడినీళ్ళతో కడిగి, తుడిచి, మంట మీద తడి పూర్తిగా పోయేదాకా ఉంచాలి. ఆపైన గుడ్డతో నువ్వులనూనె కానీ వేరుశనగ నూనె కానీ పలుచగా పట్టించాలి. నూనె నిలిచి కనిపిస్తే ఎక్కువైనట్టు, తుడిచేయాలి. పొగ రేగేదాకా వేడిచేసి చల్లారనివ్వాలి. ఈ పని మూడు నాలుగు సార్లు చేస్తే నూనె గట్టి పొరగా మారి ఇనుముకు అతుక్కుంటుంది, పెనం నల్లగా నిగనిగలాడుతుంది. తొలి అట్లు అంటుకోవడం మామూలే. సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి ప్రతి అట్టుకూ ముందు పెనం మీద రుద్దితే పొర ఇంకా నిలుస్తుంది. పెనం మీద చల్లిన నీటిచుక్కలు వెంటనే ఇగిరిపోకుండా ముత్యాల్లా దొర్లాయంటే వేడి ఎక్కువైందని అర్థం, కాస్త నీళ్ళు చల్లి తుడిచి పిండి వేయాలి.

అట్ల పెనాన్ని, పుల్కాల పెనాన్ని వేరుగా ఉంచాలి. నూనె లేకుండా కాల్చే పుల్కాలు ఆ పొరను తినేస్తాయి. వాడిన పెనాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టకుండా, కడిగిన వెంటనే మంట మీద ఆరబెట్టి నూనె చుక్క రాయాలి. ఈ శ్రద్ధ తీసుకున్న పెనం తరాలు గడిచినా పనిచేస్తుంది.

నూరడం, రుబ్బడం

రోలు–రోకలి, రుబ్బురోలు–పొత్రం, సన్నికల్లు, తిరగలి ఒకప్పటి ప్రతి ఇంటి సామాను. వీటిలో చాలా పనులను ఇప్పుడు మిక్సీ చేస్తోంది. ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ 1960ల్లో భారతీయ వంటకు తగ్గట్టు సుమీత్ మిక్సీని రూపొందించారు. భార్య వాడుతున్న విదేశీ బ్లెండరు మన మసాలాలకు తాళలేక పాడవడమే అందుకు ప్రేరణ. ఎండు దినుసులు, నానిన పప్పులు, కొబ్బరి అన్నీ నూరగల బలమైన మోటారే ఆ యంత్రం ప్రత్యేకత.

మామూలు కుటుంబానికి 750 వాట్ల మిక్సీ సరిపోతుంది. మన వంటకు ఎక్కువగా కావలసింది చిన్న జారు. నాలుగు మిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర పెద్ద జారులో బ్లేడుకు అందవు. జారు మూత గట్టిగా పడుతుందా, అడుగున రబ్బరు దగ్గర కారుతుందా అన్నవి కొనేముందు నీళ్ళు పోయించి చూడాలి. మిక్సీని ఏకబిగిన తిప్పకుండా మధ్యలో ఆపుతూ ఉంటే మోటారు వేడెక్కదు. రోటి పచ్చడిలో గింజ నలుగుతుంది, మిక్సీలో తెగుతుంది. అందుకే రెండిటి రుచికీ తేడా వస్తుంది. మిక్సీని ఒక్కోసారి ఒక్క క్షణం చొప్పున తిప్పి ఆపుతూ కచ్చాపచ్చాగా నూరితే ఆ తేడా బాగా తగ్గుతుంది. అల్లం, వెల్లుల్లి, యాలకులు దంచడానికి చిన్న రాతి కల్వం ఒకటి ఉంటే మిక్సీ తీయాల్సిన పని సగం తప్పుతుంది. కొత్త రోటిలోనూ కల్వంలోనూ నానిన బియ్యం వేసి, ఇసుక తగలనంతవరకు రెండు మూడు సార్లు నూరి పారేయాలి.

వెట్ గ్రైండరును 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి తయారుచేశారు. ఆ ఊరి గ్రైండరుకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. రాళ్ళు నెమ్మదిగా తిరగడంతో పిండి వేడెక్కదు, మినప్పిండి గాలి పట్టి పొంగుతుంది, ఇడ్లీ మెత్తగా వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు పిండి రుబ్బే ఇంటికి 2 లీటర్ల గ్రైండరు విలువైన పెట్టుబడి. ఎప్పుడో ఒకసారి రుబ్బేవారు మిక్సీలోనే చల్లటి నీళ్ళు పోస్తూ, విడతలుగా రుబ్బుకుంటే చాలు.

తరగడం

కత్తిపీట మీద కూర్చుని రెండు చేతులతో కూరగాయ పట్టి తరగడం మన పాత పద్ధతి. చేపలు కోయడానికి, గుమ్మడికాయ లాంటి గట్టి కాయలకు అది ఇప్పటికీ పనికొస్తుంది. గట్టు మీద నిలబడి వండే ఇంట్లో 6 నుంచి 8 అంగుళాల చాకు ఒకటి, తొక్కలు తీయడానికి చిన్నది ఒకటి, సానపట్టడానికి రాయి ఒకటి చాలు. మొండి చాకు జారి వేలు కోస్తుంది, పదునైనది చెప్పిన చోటే కోస్తుంది. పలక చెక్కదైనా, ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు. గాజు పలక చాకు పదును చెడగొడుతుంది. మాంసం, చేపలకు వేరే పలక ఉంచాలి.

చిన్న పనిముట్లు

కూర కలపడానికి, వడ్డించడానికి రెండు మూడు గరిటెలు, అట్టు తిరగేసే అట్లకాడ, నూనెలోంచి తీసే చిల్లుల గరిటె, పప్పు మెదిపే పప్పుగుత్తి, వేడి గిన్నె దించే పటకారు, పిండి జల్లించే జల్లెడ, పుల్కాలకు పీట, కర్ర, కొబ్బరి కోరు. ఇవి కొద్ది ఖర్చుతో వచ్చేవి, రోజూ వాడేవి. పటకారు విషయంలో మాత్రం తొందరపడకూడదు. మందపాటి గిన్నె అంచును పట్టి ఎత్తి చూపించమని దుకాణంలో అడగాలి. పట్టు సడలే పటకారు వేడి పులుసును కాళ్ళ మీద పోస్తుంది. జంతికల గొట్టం, గుంతపొంగనాల పెనం, బూరెల మూకుడు పండగలకు కావలసినవి. వాటిని ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకుని పని ముగించుకోవడం తెలుగు వీధుల్లో ఎప్పుడూ ఉన్నదే.

కొలతలు, నిల్వ

గిద్దె, సోల, తవ్వ, మానిక లాంటి కొలతలు వాడకంలోంచి తగ్గిపోయినా వాటి వెనుక పద్ధతి ఇంకా పనికొస్తుంది. ఒకే గ్లాసుతో అన్నీ కొలవడమే ఆ పద్ధతి. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు అన్నప్పుడు గ్లాసు ఎంతదైనా నిష్పత్తి మారదు. కొత్తగా వండేవారు ఒక స్టీలు గ్లాసును కొలతకే కేటాయించుకుంటే నీళ్ళ లెక్క తప్పదు. ఊరగాయలు పట్టే ఇంటికి చిన్న త్రాసు ఉంటే ఉప్పు, కారం పాళ్ళు ఏటేటా ఒకేలా వస్తాయి.

పోపుల పెట్టె తెలుగు వంటింటికి గుండెకాయ. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు ఒకే మూత కింద ఉంటే నూనె కాగేలోపు చేతికి అందుతాయి. పప్పులకు, బియ్యానికి గాలి చొరబడని స్టీలు డబ్బాలు మేలు. ఆవకాయకు, మాగాయకు పింగాణీ జాడీ కానీ గాజు సీసా కానీ వాడాలి. ఊరగాయలోని ఉప్పు, పులుపు లోహాన్ని తింటాయి. జాడీని కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాక నింపాలి, తీయడానికి పొడి గరిటె వాడాలి.

విదేశాల్లో తెలుగు వంటిల్లు

అమెరికాలో ఇళ్ళకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అందుకే ఇక్కడి మిక్సీని, గ్రైండరును సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళేవారు అక్కడ వాటిని నేరుగా వాడలేరు. అక్కడి వోల్టేజికి తయారైన మోడలు కొనుక్కోవాలి. అక్కడి అద్దె ఇళ్ళల్లో గాజు పలక ఎలక్ట్రిక్ పొయ్యిలు ఎక్కువ కాబట్టి గుండ్రటి మూకుడు కుదరదు, చదును అడుగున్న పాత్రలే తీసుకెళ్ళాలి. అన్నానికి ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు చాలా ఇళ్ళల్లో స్థిరపడింది. దీన్ని జపానులో తోషిబా సంస్థ 1955లో మార్కెట్లోకి తెచ్చింది. ఇడ్లీ స్టాండు, పోపుల పెట్టె, పోపు గరిటె, జంతికల గొట్టం లాంటి బరువు లేని సామాను మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్ళడం లాభం.

కొనే క్రమం

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు విడతలుగా కొనడం మంచిది. మొదటి విడతలో ఐఎస్‌ఐ గుర్తున్న పొయ్యి, 3 లేదా 5 లీటర్ల కుక్కరు, మందపాటి స్టీలు గిన్నెలు రెండు, చదును అడుగు మూకుడు, ఒక చాకు, పలక, రెండు గరిటెలు, పటకారు, పోపు గరిటె, పోపుల పెట్టె, కొలత గ్లాసు తీసుకుంటే మర్నాటి నుంచే అన్నం, పప్పు, కూర, చారు వండుకోవచ్చు. రెండో విడతలో మిక్సీ, ఇనుప పెనం, అట్లకాడ, ఇడ్లీ స్టాండు చేరితే ఉదయం ఫలహారం కూడా ఇంటిదే అవుతుంది. మూడో విడతను కనీసం రెండు నెలల వంట తర్వాతే ఆలోచించాలి. అప్పటికి ఆ ఇంట్లో ఇడ్లీ ఎక్కువా రొట్టె ఎక్కువా, పులుసు ఎక్కువా వేపుడు ఎక్కువా అన్నది తేలిపోతుంది. పిండి తరచుగా రుబ్బేవారు గ్రైండరు, పులుసు ఇష్టపడేవారు రాచ్చిప్ప లేదా మట్టి దాక, రొట్టెలు చేసేవారు రెండో పెనం కొనుక్కోవాలి.

ఎవరింటి సామాను వారి భోజనాన్ని పోలి ఉండాలి. పెద్ద దుకాణంలో సెట్టుగా చూపించే ఇరవై పాత్రల కన్నా, రోజూ పొయ్యి ఎక్కే ఐదు మందపాటి పాత్రల మీద పెట్టిన డబ్బు ఎక్కువ కాలం నిలుస్తుంది. వాటిని కడిగి, ఆరబెట్టి, కొన్నిటికి నూనె రాసి కాపాడుకునే ఓపిక ఉంటే ఆ పాత్రలు కొన్నవారి తర్వాతి తరానికి కూడా అన్నం వండిపెడతాయి.